తొంభై రెండు కిలోల ప్రమాణం

మా భవనంలో లిఫ్టు మీద 'ఆరుగురికి మాత్రమే' అని రాసి ఉంటుంది. ఆ ఆరుగురూ ఏ వయసువాళ్లో, ఎవరింట్లో భోంచేసి వచ్చినవాళ్లో లిఫ్టు చేసినవాడు రాయలేదు. ఉదయం తొమ్మిదింటికి మేం ఆరుగురం ఎక్కితే అది కుయ్యోమని ఏడుస్తుంది. ఏడిస్తే చివర ఎక్కినవాళ్లు దిగాలి. చివర ఎక్కింది నేను కాదంటే నేను కాదని అందరూ పైకప్పు వంక చూస్తారు. చదువుకున్నవాళ్లం కాబట్టి ఎవరి బరువెంతో ఎవరూ అడగం. ఎవరు దిగాలో మాత్రం కళ్లతోనే తేల్చేస్తాం. ఇరవై ఏళ్లుగా అలా దిగిన మనిషి ఒక్కరే. "మీరు పదండి. ఈ లిఫ్టు తాళ్ల మీద నాకు మొదట్నుంచీ అనుమానమే" అని ఆయన దిగిపోయి, మెట్లెక్కి, రొప్పుతూ మూడో అంతస్తుకు వచ్చేవారు. మేం జాలిగా చూసి కుర్చీ జరిపేవాళ్లం.

ఆ లిఫ్టు మార్చి నుంచీ ఏడవడం లేదు. ఆరుగురం ఎక్కుతున్నాం, ఆరుగురమూ పైకి వెళుతున్నాం. మిగతావాళ్లకు హాయిగా ఉంది. నాకు లేదు. ఆ దిగే మనిషి గురించి నాకు పట్టుకున్న భయం ఈ వ్యాసంలో చెప్పక తప్పడం లేదు. ఆయన పదవీ విరమణకు వేస్తున్న సంచిక సంఘం వారు 'ఒక పేజీ, గంభీరంగా' అన్నారు. గంభీరంగా ఉంటుందని హామీ ఇస్తున్నాను. పేజీ గురించి ఇవ్వలేను.

1994వ సంవత్సరం జూలై 11, సోమవారం నాడు, మనమందరం చాటున కాకుండా ముఖం మీదే 'సందేహం గారు' అని పిలుచుకునే పూజ్య సహోద్యోగి, మన విభాగపు ప్రథమ చిత్ర పఠనాధికారి, ఈ సంస్థలో పాదం మోపారు. నియామక పత్రం చేతికిస్తే రెండుసార్లు చదివి, పుట్టిన తేదీలో ఒక అంకె తప్పుందని వెనక్కి ఇచ్చారట. దిద్ది తెచ్చేసరికి కార్యాలయం మూసేశారు. అందువల్ల సర్వీసు రిజిస్టరులో జూలై 12 అని ఉంటుంది. నేను 11 అనే రాస్తాను. వచ్చింది ఆ రోజే, నమ్మింది మర్నాడు.

తొలి నాలుగేళ్లు వారు చీకటి గదిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగారు. ఆ రోజుల్లో ఒక రోగి ఎముక మీద పగులు ఉందని అప్పటి పెద్ద డాక్టరుగారు తేల్చి, కట్టు కట్టించబోతుంటే, ఫిల్ము కడిగే ఈ కుర్రవాడు అడ్డం వచ్చి, ఆ పగులును గోటితో గీకి తీసి చూపించారు. అది వెంట్రుక. డాక్టరుగారిదే. ఆ సాయంత్రమే ఆయన్ని చీకటి గదిలోంచి ఫిల్ములు చదివే గదికి మార్చారు. తెలివికి మెచ్చి మార్చారని కొందరు, అక్కడైతే తన కళ్లెదుట ఉంటాడని డాక్టరుగారే మార్పించారని కొందరు అంటారు. రెండో మాటే నిజమని సందేహం గారి సందేహం.

చదివే గదిలో ఆయన పెట్టిన నియమం మనందరికీ ఈనాటికీ శిరోధార్యం. ఏ బొమ్మనైనా ఇద్దరు చదవాలి. ఇద్దరికీ అది ఎవరి బొమ్మో తెలియకూడదు. ఒకరు చదివింది ఇంకొకరు చూడకూడదు. రెండు సంతకాలూ పడితేనే ఆ కాగితం గది దాటాలి. "ఒక్కడు చూస్తే అది చూపు. ఇద్దరు చూస్తే అది బొమ్మ" అనేవారు. ఈ పద్ధతిలో వారు తర్ఫీదు ఇచ్చిన నలభై ముగ్గురు శిష్యులు నేడు చుట్టుపక్కల ప్రతి స్కానింగు కేంద్రంలోనూ కూర్చుని, ప్రతి బొమ్మనూ అనుమానంగా చూస్తున్నారు. ఇంటి తలుపుకు తాళం వేసి మూడుసార్లు లాగడం, వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి నాలుగోసారి లాగడం కూడా కొందరు శిష్యులకు అబ్బింది. వారి ఇంటివాళ్లు మన సంస్థను తిట్టుకుంటున్నట్టు నాకు తెలుసు.

తరువాతి కాలంలో మన సంస్థ క్లోమ క్యాన్సర్ పరిశోధనకు మళ్లింది. కుటుంబసభ్యులు కూడా చదువుతారు గనుక రెండు ముక్కల్లో చెబుతాను. పొట్టలోని అవయవాల్లో క్లోమం మహా మొహమాటస్తురాలు. జీర్ణాశయం వెనక నక్కి కూర్చుంటుంది. తనకు జబ్బు చేసినా నోరు విప్పదు. విప్పేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. ఊబకాయం ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా ఎందుకు పుడుతుంది, పుట్టాక ఎలా పాకుతుంది అన్నది ఎలుకల్లో కంటితో చూడటమే మన పని. చూడటానికి నానో ప్రోబులు వాడతాం. అంటే వెంట్రుక మందంలో వెయ్యో వంతు రేణువు. దాని నిండా వెలిగే రంగు ఉంటుంది, పైన ఒక కొక్కెం ఉంటుంది. క్యాన్సర్ కణాల మీద దండిగా ఉండే ఒకానొక గొళ్లేనికే ఆ కొక్కెం తగులుకుంటుంది. తోక నరంలో ఎక్కిస్తే రేణువులు ఒళ్లంతా తిరిగి, గొళ్లెం దొరికినచోట ఆగి, కెమెరా కింద మినుకుమంటాయి. వాటిని తయారుచేసేది నేను. అందుకే నన్ను ఇక్కడ 'మిణుగురు' అంటారు. మా ఆవిడ వేరే కారణం చెబుతుంది.

తొమ్మిదేళ్ల కిందట నా జీవితంలో పెద్ద విజయం కలిగింది. బక్క ఎలుకల పొట్టలు నగల దుకాణంలా వెలిగాయి. బొద్దు ఎలుకల పొట్టలు కరెంటు పోయిన వీధిలా ఉన్నాయి. ఊబకాయం నా ప్రోబులను దారిలోనే ఆపేస్తోందని తేల్చి వ్యాసం రాసేశాను. డైరెక్టరుగారు కౌగిలించుకున్నారు. నేను మిఠాయి పంచాను. మా ఆవిడ వాళ్ల చెల్లెలికి ఫోను చేసి చెప్పింది, అంటే ఇక వెనక్కి తీసుకోలేనంత ప్రచారం జరిగిపోయిందన్నమాట. మిగిలింది సందేహం గారి సంతకం. ఆయన బొమ్మల వంక చూసి "ఊఁ" అన్నారు. ఆ 'ఊఁ' విని మన విభాగంలో పచ్చగా ఉన్నవాళ్లు ఎవరూ లేరు.

"మిణుగురూ, ప్రోబు ఎక్కించని ఎలుకను చూశావా?"

"ఎక్కించకుండా ఏం చూస్తాం సార్? దీపం వెలిగించకుండా వెలుగు చూసినట్టుంటుంది."

"అదే చూద్దాం రా."

చూశాం. వెలిగింది.

"పోనీ, ఎలుక లేకుండా చూద్దాం" అని ఆయన మేత గుళిక ఒకటి తెచ్చి కెమెరా కింద పెట్టారు. అన్నింటికంటే అదే దేదీప్యమానంగా వెలిగింది.

"శుభం" అన్నారు. "నీ మేతకు క్లోమ క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకుందాం?"

బక్క ఎలుకలకు వేసే మేతలో ఎండుటాకు పొడి ఉంటుంది. ఆ ఆకుపచ్చ మా కెమెరా వెలుతురులో తనంతట తానే మెరుస్తుంది. బొద్దు ఎలుకలకు కొవ్వు మేత వేరే చేయిస్తాం, అందులో ఆకు ఉండదు. నేను రెండు రకాల ఎలుకలను పోల్చాననుకున్నాను. పోల్చింది రెండు రకాల భోజనాలను. రెండు గుంపులకూ ఆకులేని మేతే పెట్టి, కొవ్వు ఒక్కటే తేడాగా ఉంచి, పదకొండు నెలలు మొదట్నుంచీ మళ్లీ చేశాం. ఈసారి క్యాన్సర్ చుక్క ముందుగా కనిపించింది బొద్దు ఎలుకల్లోనే. ఆ ఫలితం మీదే మన విభాగం నేటికీ నిలబడి ఉంది. వ్యాసంలో పేరు వేస్తామంటే సందేహం గారు ఒప్పుకోలేదు. "నేనేం కనిపెట్టాను? మేత పెట్టి చూశాను, అంతే" అన్నారు. మిఠాయి తిన్న సహోద్యోగులు ఆ పదకొండు నెలలూ నన్ను ఎలా చూశారో ఇక్కడ రాయను. వాళ్లలో ఇద్దరు సంచిక సంఘంలో ఉన్నారు.

అప్పటినుంచి తూకం గది గోడ మీద వారి చేతిరాతతో రెండు వాక్యాలు వెలిశాయి. 'ముందు తిండిని అనుమానించు.' 'తిండి తగ్గకుండా బరువు తగ్గే ఎలుకను మెచ్చుకోకు, వెంటనే బొమ్మ తియ్యి.' రెండోది అనుభవం మీద రాసింది. బొద్దు ఎలుక ఏ కారణమూ లేకుండా చిక్కడం మొదలుపెడితే, మూడు నాలుగు వారాలకు దాని క్లోమంలో చుక్క తేలడం మేం ఎన్నోసార్లు చూశాం. అన్నిసార్లూ కాదు. ఒక్కోసారి పళ్లు పెరిగి తినలేక చిక్కుతుంది, ఒక్కోసారి ఏమీ ఉండదు. ఏది ఎందుకో బొమ్మ తీస్తేనే తెలుస్తుంది.

ఇంతవరకు రాసింది మామూలుగా ఏ అభినందన వ్యాసంలోనైనా ఉండేదే. ఇక మేత గిడ్డంగిలోని తూకం యంత్రం గురించి రాయాలి.

మేత బస్తాలు తూచడానికి అక్కడ మనిషి నిలబడేంత పళ్లెం ఉన్న యంత్రం ఒకటి ఉంది. దాన్ని చూసుకునేది తూకం అక్క. ఎలుకలను తూచేదీ, మేత పెట్టేదీ, వాటికి మనలో కొందరి పేర్లు పెట్టి తిట్టేదీ ఆవిడే. యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసే తూనికరాళ్లు, పదకొండేళ్ల కిందట గిడ్డంగి మారినప్పుడు పోయాయి. కొత్తవి కావాలని అక్క రాసిన కాగితం ఏ బల్ల మీదో ఇప్పటికీ పెద్దల పరిశీలనలో ఉంది. అక్క ఎన్నాళ్లని ఆగుతుంది?

"సారూ, మీ బరువెంత?"

"తొంభై రెండు."

మరుసటి సోమవారం ఎక్కించింది. తొంభై రెండు. ఆ పై సోమవారం ఎక్కించింది. తొంభై రెండు.

"ఇంకెందుకు సారూ రాళ్లు? మీరే నా రాయి" అంది.

ఆనాటినుంచి ప్రతి సోమవారం సందేహం గారు యంత్రం ఎక్కడం, తొంభై రెండు చూపడం, అక్క పుస్తకంలో 'యంత్రం సరి' అని రాయడం మన సంస్థ నాణ్యతా ప్రమాణాల్లో ఒక భాగమైపోయింది. గడియారాన్ని నమ్మని మనిషి, తన సంతకం తనదేనా అని రెండోసారి చూసుకునే మనిషి, ఈ లోకంలో అనుమానించకుండా వదిలేసిన వస్తువు ఒకే ఒక్కటి. అది తాను. గురివింద గింజ సామెత ఎవరు పుట్టించారో గానీ, వాళ్ల విభాగంలోనూ ఇలాంటి పెద్దమనిషి ఉండే ఉంటాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో యంత్రం తొంభై ఒకటి చూపింది. మార్చిలో ఎనభై తొమ్మిది. ఏప్రిల్‌లో ఎనభై ఏడు. సందేహం గారు ఆలస్యం చేయలేదు. 'తూకం యంత్రం దినదినమూ తక్కువ చూపుచున్నది, సత్వరమే మరమ్మతు చేయించవలెను' అని స్వదస్తూరీతో ఫిర్యాదు రాశారు. అదే కాగితం మీద 'లిఫ్టు అధిక భారమునకు మొరపెట్టుట మానినది, ప్రమాదకరము' అని రెండో ఫిర్యాదు కూడా చేర్చారు. లిఫ్టు మెకానిక్కు వచ్చి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్లాడు. అతని మీద ఆయనకు ఇంకా అనుమానం పోలేదు. యంత్రం మెకానిక్కు మాత్రం మర్యాదస్తుడు. రాళ్లు తేవడం మరిచిపోయి వచ్చాడు.

"అసలెంత రావాలండీ?" అని అడిగాడు.

"తొంభై రెండు. పదకొండేళ్లుగా తొంభై రెండు" అన్నారు సందేహం గారు పళ్లెం మీద నిలబడి.

మెకానిక్కు మర తిప్పాడు. తొంభై రెండు వచ్చింది. అక్క 'యంత్రం సరి' అని రాసింది. జూలై నాటికి ముల్లు మళ్లీ జారింది. మళ్లీ ఫిర్యాదు, మళ్లీ మెకానిక్కు, మళ్లీ మర, మళ్లీ తొంభై రెండు.

సరిగ్గా ఆ జూలైలోనే మన ఉద్యోగుల సంఘం బరువు తగ్గే పోటీ పెట్టింది. పద్నాలుగు మందిమి చేరాం. ఒకటో తేదీన ఆ యంత్రం మీదే తూగాం. నెలరోజులు కడుపు కట్టుకున్నాం. పొద్దున్నే చేతులు ఊపుకుంటూ నడిచాం. ఎవరింట్లో ఏం మానేశారో రోజూ మధ్యాహ్నం చెప్పుకుని, ఒకరి డబ్బాలోకి ఒకరు తొంగి చూసుకున్నాం. ముప్పై ఒకటిన తూగితే పద్నాలుగు మందీ మూడేసి, నాలుగేసి కిలోలు పెరిగారు. ఆ రాత్రి పద్నాలుగు ఇళ్లలో గొడవలయ్యాయి. నూనె ఎవరు ఎక్కువ పోశారన్నది ఒక ఇంట్లో, నడక పేరుతో ఎటు వెళుతున్నావన్నది ఇంకో ఇంట్లో. మా ఇంట్లో రెండూ.

పోటీలో చేరని సందేహం గారిని చూసి మాత్రం అందరూ, "భలే నాజూగ్గా అయ్యారు సార్, రహస్యం చెప్పండి" అంటున్నారు. పెద్దవాళ్ల ముందు ఇలాంటి అభినందనలు మనం ధారాళంగా గుప్పిస్తాం. నేనూ గుప్పించాను. గుప్పించి ఇంటికెళ్లాక నిద్ర పట్టలేదు. పద్నాలుగు మంది తిండి మానేసి పెరగడమేమిటి, ఒకాయన ఏమీ మానకుండా తగ్గడమేమిటి?

మర్నాడు గిడ్డంగికి వెళ్లి, కుట్టు విప్పని యాభై కిలోల బస్తా ఒకటి యంత్రం మీద వేయించాను. యాభై ఆరు చూపింది.

"గట్టిగా అరవకండి బాబూ" అంది తూకం అక్క గొంతు తగ్గించి. "కంపెనీవాడు వేసవి నుంచీ బస్తాకు రెండు మూడు కిలోలు ఎక్కువ పోస్తున్నాడు. ఈ మధ్య ఆరు పోస్తున్నాడు. ధర్మాత్ముడు. మనం చెప్పామంటే మానేస్తాడు."

"అక్కా, ఎక్కువ పోయడం లేదు. యంత్రం ఎక్కువ చూపిస్తోంది."

"ఎలా చూపిస్తుంది? సారు ఎక్కితే తొంభై రెండే కదా?"

"సారు తొంభై రెండు లేరేమో?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "సారు తగ్గడమేంటి బాబూ? సారు రాయి కదా!" అంది. అంటూనే పుస్తకం నా చేతిలో పెట్టేసి, చీపురు తీసుకుని, ఊడ్చిన నేలనే మళ్లీ ఊడ్చింది.

ఆ పుస్తకం, బస్తాల లెక్క, మెకానిక్కు వచ్చిన తేదీలు పక్కపక్కన పెట్టుకుని ఆయన అసలు బరువు లెక్క వెనక్కి కట్టుకొచ్చాను. జనవరిలో తొంభై రెండు. జూలై ఆఖరుకు ఎనభై రెండు. ఆరు నెలల్లో పది కిలోలు. ఎదురుగా వెళ్లి చెబితే ఆయన నా లెక్కను అనుమానిస్తారు. న్యాయమే, నా లెక్కల చరిత్ర అలాంటిది. అందుకని కిలోలను గ్రాములు చేసి, సగానికి కోశాను. నలభై ఆరు గ్రాములు, నలభై అయిదున్నర, నలభై నాలుగున్నర, చివరికి నలభై ఒకటి. నెలలను వారాలు చేశాను. బొద్దు ఎలుక తూకాల పట్టీ లక్షణంగా తయారైంది. పేరుండాల్సిన చోట ఒక అంకె వేసి, చదివే గదికి పట్టుకెళ్లాను.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "ఏ గుంపు?"

"చెప్పకూడదు కదా సార్."

"మంచిది. మేత మారిందా?"

"లేదు."

"లేదని ఎవరు చెప్పారు?"

"డబ్బా రోజూ ఖాళీ అవుతోంది సార్."

"డబ్బా ఏమిటి?"

"గిన్నె సార్. మేత గిన్నె."

"గిన్నె ఖాళీ అయితే తిన్నట్టేనా? పక్క ఎలుక తినేసి ఉండొచ్చు."

"ఒంటరి బోను సార్. నేను కళ్లారా చూశాను."

ఆయన ఎర్ర పెన్సిల్ తీసి, మూడో అంకె దగ్గరే సున్నా చుట్టి, పట్టీ అడుగున గట్టిగా రెండు గీతలు గీశారు. "ఇక్కడే పట్టుకోవాల్సింది. దీన్ని రేపే బొమ్మ తీయించు. ఇన్ని వారాలు ఊరుకున్నదెవడు? ఈ తూకాలు రాసినవాడికి గోడ మీది రాత కనపడదా?"

"కనపడుతుంది సార్. ఆ రాత రాసింది ఆ ఎలుకే."

ఆయన పట్టీని ఇంకోసారి మొదటినుంచీ చదివారు.

"సగం చేశావా?"

"కిలోలను గ్రాములు చేసి సగం చేశాను."

"ఎక్కడైనా సర్దావా?"

"లేదు సార్."

"ఊఁ" అన్నారు. ఆ 'ఊఁ' వేరు. ముప్పై ఒక్క ఏళ్లలో అలాంటిది ఎవరూ విని ఉండరు. తరువాత తేరుకుని, "ముందు తిండిని అనుమానించాలి. మీ వదిన చెప్పాపెట్టకుండా నూనె తగ్గించి ఉంటుంది" అని అక్కడికక్కడే ఇంటికి ఫోను చేసి, నాకు కూడా వినపడేట్టు బల్ల మీద పెట్టారు.

"నూనె తగ్గించానా? నేనా? మీకు తెలీకుండా ఈ ఇంట్లో ఉప్పు డబ్బా జరిపినా ఊరుకుంటారా మీరు?" అన్నారు వదినగారు. "మీరే ఆఫీసులో ఏదో పోటీలో చేరి నాకు చెప్పకుండా దాస్తున్నారనుకున్నా. గెలిచాక చెబుతారులే అని ఊరుకున్నా."

"పోటీలో నేను లేను."

"మరి రెండుసార్లు ప్యాంట్ల నడుములు బిగించి కుట్టించుకున్నారు కదా, అప్పుడైనా అనుమానం రాలేదా?"

"బట్ట సాగిందనుకున్నా."

వదినగారు వెంటనే, "పక్కన ఎవరున్నారు? తమ్ముడా? తమ్ముడూ, ఏమైందో నువ్వు చెప్పు. ఆయన్నడిగితే తిన్నగా చెప్పరు" అన్నారు. నేను నోరు తెరిచేలోపు ఆయనే, "ఏం లేదు. ఒక తూకం తప్పింది. సాయంత్రం వచ్చి చెబుతా" అని పెట్టేశారు. చెప్పినట్టే చెప్పారు కూడా. ఆ సాయంత్రమే వదినగారు నాకు ఫోను చేసి ఒకే మాట అన్నారు: "ఎలా తీసుకెళ్తావో నాకు తెలీదు. తీసుకెళ్లు."

మర్నాడు ఉదయం ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి, స్కాను తీయించుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. వచ్చిన ప్రాణం కూర్చునేలోగా షరతు చెప్పారు. బొమ్మ ఇద్దరు చదవాలి. ఇద్దరికీ అది ఎవరిదో తెలియకూడదు.

"పేరు తీసేయిద్దాం సార్."

"పేరుతో పనేముంది? ఎడమవైపు కింది పక్కటెముక విరిగి, వంకరగా అతికింది. చిన్నప్పుడు గోడ దూకాను. ఇరవై ఏళ్లుగా పాఠంలో చూపిస్తున్న బొమ్మ ఎవరిదనుకున్నావు? నాదే. పొట్ట బొమ్మ తీస్తే ఆ ఎముక పడుతుంది. నా దగ్గర చదివినవాడు ఎవడైనా చూడగానే గుర్తుపడతాడు. గుర్తుపడితే వాడికి చుక్క ఉన్నా కనపడదు, లేకపోయినా కనపడుతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు నాయనా."

"నేను చదువుతాను సార్."

"నువ్వు అసలే పనికిరావు. మేత చూసి క్యాన్సర్ అన్నవాడివి. పైగా నాకు కావలసినవాడివి."

ఆ చివరి మాట ఆయన గోడ వంక చూస్తూ అన్నారు.

ఎవరి బొమ్మో చెప్పేసి, ఈ ఒక్కసారికి నియమం పక్కనపెట్టి చదవమని తెలిసిన ప్రతి కేంద్రానికీ ఫోను చేశాను. "సార్ బొమ్మా! ఎంత అదృష్టం!" అన్నాడు ఒకడు. ఏం అనకూడదో అదే అన్నాడు. "సార్‌ది నేను చదవడమా? మూడుసార్లు చదివినా సంతకం పెట్టలేనండీ" అంది ఒక అమ్మాయి. ఇంకొకాయన, సార్ అయితే రెండో సంతకం ఎవరిదో ముందు చెప్పమన్నాడు. గురువుగారి శిక్షణ అంత పకడ్బందీగా ఉంది. నలభై ముగ్గురిలో ఒక్కరైనా చెడిపోయి ఉంటారని ఆశపడ్డాను. లేరు.

ఇక్కడ నా అనుమానాలు కూడా రాయాలి. ఈ షరతు సిద్ధాంతం కోసం పెట్టింది కాదనీ, భయంతో పెట్టిందనీ నా అనుమానం. ఎందుకంటే నిన్న ఆయన తన బల్ల సొరుగులు ఖాళీ చేస్తూ, ఎర్ర పెన్సిళ్లన్నీ చెక్కి, వరసగా పేర్చి, ఎవరికేది ఇవ్వాలో చీటీలు అంటించారు. పదవీ విరమణ చేసే మనిషి చేసే పనే అది, అందులో వింతేమీ లేదు, అని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మలేదు. రెండో అనుమానం నా మీదే. తొమ్మిదేళ్ల కిందట మేతలో క్యాన్సర్ చూసినవాడిని, ఒక్కసారైనా ఆయన కంటే ముందు నేను కనిపెట్టాలనే దుగ్ధ నాలో ఉందేమో. ఉంటే, ఆయన చిక్కింది ఉద్యోగం పోతోందన్న బెంగతోనో, పంటి నొప్పితోనో అయి ఉండవచ్చు. అలాగే కావాలని నేను కోరుకుంటున్నాను. ఈసారి కూడా నాదే తప్పు కావాలి. మళ్లీ మిఠాయి పంచుతాను.

ఈ వ్యాసం ప్రచురణకు ముందు వారే చదివారు. వారు చదవని కాగితం ఈ భవనం దాటదని మీకు తెలుసు. 'నిరుపమాన', 'అద్వితీయ', 'మహోన్నత' అనే మూడు విశేషణాలు కొట్టేసి, ఆధారం లేదని పక్కన రాశారు. తన ఒంటి గురించి రాసిన భాగం తీసేయమంటారని భయపడ్డాను. ఒక అంకె దిద్ది, "ఉండనీ. అనుమానం దాచమని నేనెవరికీ నేర్పలేదు" అన్నారు. వదినగారు కూడా చదివారు. వారు ఏమీ దిద్దలేదు.

శుక్రవారం సభలో మనమందరం లేచి నిలబడి, సందేహం గారు సంపూర్ణ ఆరోగ్యంతో, సతీసమేతంగా, మనకంటే ఎక్కువకాలం జీవించాలని కోరుకుంటాం. ప్రతి పదవీ విరమణకూ కోరుకుంటాం. కోరుకుని ఫలహారం దగ్గరకు నడుస్తాం. ఈసారి నడవకండి. మీలో ఎవరికైనా ఆయన దగ్గర చదవనివాళ్లు, ఆ పక్కటెముక ఎన్నడూ చూడనివాళ్లు, పొట్ట బొమ్మ చదవడం వచ్చినవాళ్లు ఇద్దరు తెలిసుంటే నాకు చెప్పండి. ఎంత దూరమైనా సరే, బొమ్మను నేనే మోసుకెళ్తాను. అలాంటివాళ్లు లేరంటారా, ముప్పై ఒక్క ఏళ్లు ఎవరి మాటా నమ్మని మనిషి దగ్గర చెల్లే మాట ఒకటి చెప్పండి. వదినగారు ఏడ్చి చూశారు. నేను కోప్పడి చూశాను. తూకం అక్క సోమవారం ఆయన్ని యంత్రం ఎక్కనివ్వనని తెగేసి చెప్పింది. వచ్చే మంగళవారం ఉదయం తొమ్మిదింటికి స్కానింగు కేంద్రంలో ఆయన పేరున చోటు రాయించి ఉంచాను. ఎనిమిదిన్నరకు వాళ్లింటి తలుపు కొడతాను. ఆయన తలుపు తీసి, "ఇద్దరూ దొరికారా?" అని అడుగుతారు. ఏమని చెప్పమంటారు?